నాన్నగారికి షార్ట్‌వేవ్ రేడియో: ఏది కొనాలి?

బ్రాడీపేట నాలుగో లైను:

అందరికీ నమస్కారం. మా నాన్నగారికి 74 ఏళ్లు. గుంటూరు మిర్చి యార్డులో గుమస్తాగా చేసి రిటైరయ్యారు. ఒకప్పుడు ఇంట్లో మర్ఫీ రేడియో ఉండేది. సిలోన్ తెలుగు పాటలు, మనవాళ్లు ఆస్ట్రేలియా వెళ్తే తెల్లారకముందే రేడియో ఆస్ట్రేలియాలో కామెంటరీ... ఇప్పటికీ ఆ కబుర్లే. ఫోన్‌లో రేడియో యాప్ పెట్టిస్తే "ఇందులో తిప్పడానికి ఏముందిరా" అని పక్కన పడేశారు.

పైగా 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకి సింగ్‌నగర్‌లో మా అక్కావాళ్లకి కరెంటు పోయి, ఫోన్లు చచ్చిపోయి, బయట ఏం జరుగుతోందో తెలియలేదు. ఇంట్లో ఒక రేడియో ఉండి తీరాలని అప్పట్నుంచీ పట్టు పట్టారు.

బడ్జెట్ పది వేలు, మంచిదైతే ఇంకో రెండు వేలు. టెక్‌సన్ పీఎల్-330, పీఎల్-380, ఎక్స్‌హెచ్‌డేటా డీ-808 చూశాను. చదివేకొద్దీ టెన్షన్ పెరుగుతోంది. మాది మూడో అంతస్తు ఫ్లాట్. ఏది తీసుకోమంటారు?

సత్యనారాయణపురం సిగ్నల్:

బాబూ, వరదకి కావాల్సిన రేడియో వేరు, దూరదేశాల స్టేషన్లు పట్టే షార్ట్‌వేవ్ వేరు. మీరు రెండూ కలిపేశారు. వరదలో మీ అక్కావాళ్లకి పనికొచ్చేది విజయవాడ ఆకాశవాణి, మీడియం వేవ్ 837 కిలోహెర్ట్జ్. లేదంటే ఎఫ్‌ఎం 102.2. దానికి వీధి చివర కొట్లో దొరికే పెన్సిల్ సెల్స్‌తో నడిచే చిన్న సెట్టు చాలు. అది ఒకటి కొని సింగ్‌నగర్ పంపించేయండి. అందులో షార్ట్‌వేవ్ లేకపోయినా నష్టం లేదు.

ఇక నాన్నగారి సంగతి. నేను రైల్వే సిగ్నల్స్‌లో చేసి బయటికొచ్చాను. నైట్ డ్యూటీ రోజుల నుంచీ షార్ట్‌వేవ్ వింటున్నాను కాబట్టి ఉన్నమాట చెబుతాను. రేడియో ఆస్ట్రేలియా 2017 జనవరి 31న షార్ట్‌వేవ్ ఆపేసింది. బీబీసీ హిందీ 2020 జనవరి 31న ఆగింది. బీబీసీ తెలుగు 2017లో మొదలైనా అది రేడియోలో రాదు. సిలోన్ పాటల మీద ఆశతో మాత్రం కొనకండి. ఈ మాట పెట్టె విప్పకముందే నాన్నగారికి చెప్పేయండి, లేకపోతే తప్పు రేడియో మీద పడుతుంది. మిగిలింది తక్కువేం కాదు. చైనా రేడియో ఇంగ్లీషు రోజంతా ఎక్కడో ఒకచోట తగులుతుంది. బీబీసీ ఇంగ్లీషు కొన్ని గంటలు ఉంది. అరబ్బీ పాటలుంటాయి, ఏ భాషో తెలియని వార్తలుంటాయి. తిప్పుతూ కూర్చోవడం ఇష్టమైన మనిషికి పొద్దు గడిచిపోతుంది.

అసలు విషయం మీ ఫ్లాట్. ఎల్‌ఈడీ బల్బులు, సెల్ ఛార్జర్లు, టీవీ సెట్‌టాప్ బాక్సు, ఫ్యాను రెగ్యులేటరు అన్నీ షార్ట్‌వేవ్‌లో గుయ్యిమంటాయి. ఆ మోతలో యాభై వేల సెట్టయినా దండగే. ఎవరి దగ్గరైనా పాత ట్రాన్సిస్టర్ అడిగి తెచ్చుకోండి. రాత్రి ఎనిమిదింటికి 9,400–9,900 కిలోహెర్ట్జ్ మధ్య, అంటే 31 మీటర్ల బ్యాండ్‌లో, ఇల్లంతా తిరుగుతూ వినండి. తర్వాత మెయిన్ ఆపి మళ్లీ వినండి. ఇన్వర్టర్ ఉంటే దాన్నీ ఆపాలి, మెయిన్ పోగానే అది అందుకుంటుంది, కొన్ని ఇన్వర్టర్లు అన్నిటికన్నా ఎక్కువ గోల చేస్తాయి. ఏది ఆపితే మోత తగ్గిందో తెలిస్తే సగం పని అయినట్టే. పక్క ఫ్లాట్ల మోత మన చేతిలో లేదు. అందుకే బాల్కనీయో డాబానో చూసుకోవాలి.

సెట్ల విషయానికొస్తే, పీఎల్-380లో ఎస్‌ఎస్‌బీ (హ్యామ్‌ల మాటలు వినడానికి కావాల్సిన సదుపాయం) లేదు, మిగతా రెండింటిలో ఉంది. పీఎల్-330కి బీఎల్-5సీ బ్యాటరీ, మన పాత నోకియా 1100లో ఉండేదే. సెల్ రిపేరు షాపుల్లో ఇప్పటికీ ఇస్తారు. డీ-808కి 18650 సెల్ కావాలి, దానికి కాస్త వెతుక్కోవాలి. నా ఓటు 330కే. దాని ఈటీఎం బటన్ నొక్కితే ఆ గంటలో తగిలే స్టేషన్లన్నీ అదే పట్టి దాచుకుంటుంది, తర్వాత నాన్నగారు చక్రం తిప్పుకుంటూ పోవడమే. ఒక్క ఇబ్బంది, సెట్టు అరచేతిలో పడుతుంది, బటన్లు చిన్నవి. చూపు మందగించి ఉంటే పీఎల్-660 పెద్దది, నాలుగు పెన్సిల్ సెల్స్‌తో నడుస్తుంది. కానీ మీ బడ్జెట్‌లో దొరుకుతుందని నమ్మకం లేదు.

మంగళగిరి హ్యామ్:

నమస్తే. నాకు హ్యామ్ లైసెన్సు, అంటే సరదాకి సొంత రేడియో సెట్టుతో ఇతరులతో మాట్లాడుకునే అనుమతి, ఉంది కాబట్టి ఎస్‌ఎస్‌బీ గురించి రెండు మాటలు. పొద్దున పూట 7,000–7,200 కిలోహెర్ట్జ్ మధ్య మన దేశపు హ్యామ్‌లు మాట్లాడుకుంటారు. ఎస్‌ఎస్‌బీ లేని సెట్టులో అది ముక్కుతో గొణిగినట్టు ఉంటుంది, ఒక్క ముక్క అర్థం కాదు. ఉన్న సెట్టులో ఎల్‌ఎస్‌బీ (ఎస్‌ఎస్‌బీలో ఒక రకం) పెట్టి మెల్లగా సవరిస్తే మాట తేటపడుతుంది. వినడానికి ఏ లైసెన్సూ అక్కర్లేదు, తిరిగి మాట్లాడాలంటేనే పరీక్ష రాయాలి. స్టేషన్లు తగ్గిపోయిన ఈ రోజుల్లో ఈ కబుర్లే అంకుల్‌కి ఎక్కువ నచ్చవచ్చు. అందుకే 380 వద్దంటాను.

ఇంకోటి. కొనే ముందు ఇంటర్నెట్‌లో కివీ ఎస్‌డీఆర్ రిసీవర్లు ఉంటాయి, ఎక్కడో ఎవరో పెట్టిన రేడియోని మన ఫోన్ నుంచి ఉచితంగా తిప్పవచ్చు. షార్ట్‌వేవ్‌లో ఇవాళ ఏమున్నాయో ఒక సాయంత్రం అంకుల్‌కి వినిపించండి.

సత్యనారాయణపురం సిగ్నల్:

అమ్మాయి చెప్పింది బాగుంది, కానీ అది వాళ్ల యాంటెన్నా, వాళ్ల ఊరు. అక్కడ గంటలా మోగింది బ్రాడీపేటలో మూలగవచ్చు. ఫోన్‌లో తిప్పితే ఆ పెద్దాయన మళ్లీ అదే మాట అంటారు కూడా.

బ్రాడీపేట నాలుగో లైను:

చాలా థ్యాంక్స్ సార్, థ్యాంక్స్ మేడమ్. పక్కింటి ట్రాన్సిస్టర్‌తో రాత్రి చూశాను. హాల్లో ఒకటే మోత. ఇన్వర్టర్, వైఫై పెట్టె ఆపాక బాల్కనీలో మూడు స్టేషన్లు మాట తెలిసేలా వచ్చాయి. నాన్న కుర్చీ అప్పుడే బాల్కనీలోకి వెళ్లిపోయింది. 330 ఆర్డర్ పెడుతున్నాను. వైరు యాంటెన్నా అవసరమా? పగలు ఏ బ్యాండ్ చూడాలి?

సత్యనారాయణపురం సిగ్నల్:

ఐదారు మీటర్ల మామూలు వైరు, ఒక క్లిప్పు చాలు. సెట్టు యాంటెన్నా కడ్డీకి తగిలించి బాల్కనీ అంచున వేలాడదీయండి. ఇరవై ముప్పై మీటర్లు కడితే ఇంకా బాగుంటుందనుకోకండి, ఇంత చిన్న సెట్టుకి అంత సిగ్నల్ ఎక్కితే లేనిచోట కూడా స్టేషన్లు వినపడతాయి. ఎండాకాలం గాలివాన మబ్బు కనపడితే ముందు వైరు పీకేయాలి.

మిట్టమధ్యాహ్నం 15,000–17,900 వైపు, సాయంత్రం 9,000–12,000, రాత్రి పొద్దుపోయాక 6,000–7,500. నెట్‌లో షెడ్యూళ్లు యూటీసీ (ప్రపంచమంతటికీ ఒకే లెక్క) టైములో ఉంటాయి, ఐదున్నర గంటలు కలుపుకోండి. మార్చి చివర, అక్టోబరు చివర అవి మారిపోతాయి. స్టేషన్ పోయిందని నాన్నగారు అంటే ముందు ఏ నెలో చూడండి.

సెట్టు రాగానే మీడియం వేవ్ స్టెప్ 9 కిలోహెర్ట్జ్‌లో ఉందో లేదో చూసుకోండి. అమెరికా వాళ్ల లెక్కన 10లో ఉంటే 830, 840 అని దూకుతుంది, మధ్యలో మన 837 దాటిపోతుంది. రాత్రిపూట 738లో హైదరాబాద్, 720లో చెన్నై కూడా ప్రయత్నించమనండి. ఛార్జింగ్‌లో పెట్టి మాత్రం వినకూడదు, ఛార్జర్ మోతే వినపడుతుంది.