బకెట్ బరువు అదే, చేతుల మీద బలం ఎందుకు పెరిగింది?

సార్లు, అక్కలు, మాది దేవరకొండ దగ్గర పల్లె. మా బిడ్డ ఇంటర్ ఫస్టియర్, ఎంపీసీ. 30, 40 న్యూటన్ల బలాలు ఒకదానికొకటి లంబంగా గుంజితే 50 వస్తదని లెక్క చేస్తది. 70 ఎందుకు కాదంటే చెప్పలేకపోతుంది.

నిన్న బోరు కాడ పది కిలోల (అంటే 98 న్యూటన్ల బరువున్న) బకెట్‌కు తాడు కట్టి చెరో కొస పట్టుకున్నం. దగ్గరగ నిలబడితే చెరి సగం, 49 న్యూటన్లే. దూరం జరిగినకొద్దీ చేతులు గుంజినయి. తాళ్ల మధ్య కోణం 120 డిగ్రీలైతే ఒక్కొక్కరి మీద 98 న్యూటన్లు పడతదట! మరి ఆ ఎక్కువ బలం ఎటు పోతున్నది? అడ్డంగా గుంజే భాగాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటయని నాకు కొంచెం అర్థమైతుంది. బిడ్డకు దిశ సంగతి మనసుకెక్కాలంటే బొమ్మ ఎక్కడి నుంచి మొదలుపెట్టాలె? సైన్, కాస్ లేకుండ చెప్పే దారి ఉంటే జెర చెప్పండి.