‘పని ముగించి ఇంటికి వెళ్ళాడు’: ఇంగ్లీషులో ఇది సింపులా, కాంప్లెక్సా?

సందేహి:
పోటీ పరీక్షకు చదువుతున్నాను. ‘హ్యావింగ్ ఫినిష్డ్ ద వర్క్, హి వెంట్ హోమ్’ అన్న వాక్యానికి కాంప్లెక్స్ అని గుర్తు పెట్టాను. జవాబుల పట్టికలో సింపుల్ అని ఉంది. తెలుగులో ‘పని ముగించి ఇంటికి వెళ్ళాడు’ సంక్లిష్ట వాక్యమే కదా? ‘ముగించి’ లాంటి అసమాపక క్రియ ఉంటే సంక్లిష్టమని బడిలో నేర్చుకున్నాను. సంక్లిష్టమంటే కాంప్లెక్స్ అనే కదా అర్థం? మరి నేను ఎక్కడ తప్పాను?

పాతపలక:
సందేహి గారూ, పట్టికలో ఉన్నదే సరైనది. పేరు ఒకటైనా కొలత వేరు. తెలుగు బడి వ్యాకరణం అసమాపక క్రియ కనిపించగానే సంక్లిష్టం అంటుంది. ఇంగ్లీషు బడి వ్యాకరణం సమాపక క్రియలనే లెక్కపెడుతుంది. మీ వాక్యంలో కాలాన్ని చూపే క్రియ ‘వెంట్’ ఒక్కటే, కాబట్టి సింపుల్. ‘వెన్ హి హ్యాడ్ ఫినిష్డ్ ద వర్క్, హి వెంట్ హోమ్’ అంటే సమాపక క్రియలు రెండు, ‘వెన్’ వల్ల ఒకటి రెండోదానికి లోబడింది, కాబట్టి కాంప్లెక్స్. ‘అండ్’తో సమానంగా కలిపితే కాంపౌండ్. ‘హ్యావింగ్ ఫినిష్డ్ ద వర్క్’ పదబంధం, అంతే. ఉపవాక్యం కాదు.

అక్షరదీపం:
పరీక్షలో పాతపలక గారు చెప్పినట్లే గుర్తు పెట్టండి. కానీ ‘పదబంధం, అంతే’ అన్న మాటను నేను ఒప్పుకోలేను.

ఆ ముక్కను విప్పి చూడండి. ‘వర్క్’ దానికి కర్మ. ముందు ‘నాట్’ చేర్చి వ్యతిరేకం చేయవచ్చు. ‘హ్యావింగ్ బీన్’ అని కర్మణిలోకి మార్చవచ్చు. ఇక ‘ద సన్ హ్యావింగ్ సెట్, వి వెంట్ హోమ్’ తీసుకోండి. అస్తమించింది సూర్యుడు, వెళ్ళింది మేము. కర్త వేరుగా, క్రియ వేరుగా కళ్ళెదుట ఉన్నా పాత లెక్కలో ఇదీ సింపులే! కర్త, క్రియ రెండూ ఉన్నదాన్ని ఉపవాక్యం కాదనడానికి కాలం లేదన్న ఒక్క కారణం చాలుతుందా? 1985లో క్వర్క్ బృందం వెలువరించిన పెద్ద వ్యాకరణమూ, 2002 నాటి హడిల్‌స్టన్, పుల్లమ్‌ల వ్యాకరణమూ వీటిని అసమాపక ఉపవాక్యాలుగానే చూస్తాయి. మీ తెలుగు చెవి తప్పు వినలేదు, సందేహి గారూ.

ఇది పేరు కోసం పట్టుదల కాదు. ‘హ్యావింగ్ ఫినిష్డ్ ద వర్క్, ద లైట్స్ వర్ స్విచ్డ్ ఆఫ్’ అని రాస్తే పని ముగించింది దీపాలవుతాయి. ఆ ముక్కలో కనిపించని కర్త ఒకడున్నాడని తెలిసినవాళ్ళకే ఈ తప్పు కనబడుతుంది. వట్టి పదబంధమని నేర్చుకున్న విద్యార్థి ఆ కర్త కోసం ఎందుకు వెతుకుతాడు? మనకు ఈ సంగతి కొత్త కాదు. రెండు పనులకూ కర్త ఒకడే అయినప్పుడు ముందు జరిగిన పనికి ‘చేసి’ వంటి అర్థాన్నిచ్చే క్త్వా ప్రత్యయం వస్తుందని సంస్కృతానికి పాణిని సూత్రమే ఉంది. తెలుగు ‘ముగించి’ కూడా సాధారణంగా ఆ దారిలోనే నడుస్తుంది. (‘వాన కురిసి చెరువు నిండింది’ వంటివి ఉన్నాయి. అక్కడ మొదటి పని రెండోదానికి కారణం.)

పాతపలక:
దీపాల ఉదాహరణ బలమైనదే. ఆ తప్పు నేనూ రోజూ దిద్దుతాను, కారణం మాత్రం ఇంత విడమరిచి చెప్పలేదు. అయినా నా భయం వేరు. ఉపవాక్యమని చెప్పగానే కొందరు పిల్లలు ‘హ్యావింగ్ ఫినిష్డ్ ద వర్క్’ దగ్గరే చుక్క పెట్టి, అది పూర్తి వాక్యమనుకుంటారు. సమాపక క్రియను వెతకమంటే ఆ పొరపాటు ఆగుతుంది. తరగతిలో నాకు అది ముఖ్యం.

అక్షరదీపం:
‘వెన్ హి హ్యాడ్ ఫినిష్డ్ ద వర్క్’ దగ్గరా చుక్క పెట్టేవాళ్ళున్నారు కదండీ. అందులో సమాపక క్రియ ఉంది, అయినా అది నిలబడదు. ఉపవాక్యమంటేనే ఒంటరిగా నిలవలేనిదని మొదటి రోజే చెబితే రెండు పొరపాట్లూ ఒకేసారి తొలగిపోతాయి.

పాతపలక:
‘వెన్’ సంగతి నిజమే. ఒంటరిగా నిలవదన్న మాట ముందు చెప్పి, లెక్క తరవాత నేర్పిస్తాను. లెక్కను మాత్రం వదలను, పరీక్ష రాసే పిల్లలకు అది కావాలి.

సందేహి:
ఇద్దరికీ ధన్యవాదాలు. దీపాల వాక్యాన్ని ‘హ్యావింగ్ ఫినిష్డ్ ద వర్క్, హి స్విచ్డ్ ఆఫ్ ద లైట్స్’ అని మార్చుకున్నాను. పట్టిక ప్రకారం ఇదీ సింపులే. మరి ‘హి ఫినిష్డ్ ద వర్క్ అండ్ వెంట్ హోమ్’ సంగతేమిటి? క్రియలు రెండు, కర్త ఒక్కడే కనిపిస్తున్నాడు.

పాతపలక:
కాంపౌండ్. రెండో ‘హి’ లోపించింది.

అక్షరదీపం:
ఒకే కర్తకు జంట క్రియాభాగం ఉన్న సింపుల్ వాక్యమనే వ్యాకరణాలూ ఉన్నాయి. నాకు అదే సబబనిపిస్తుంది. పరీక్షకు వెళ్ళేముందు మీ పాఠ్యపుస్తకం ఏ పక్షమో చూసుకోండి.