అవతార్ ఆటలు ఆడిద్దామంటే అందరూ ఆంగ్ అవుతామంటున్నారు, ఏం చేయాలి?

హన్మకొండ అమ్మ:
ఈ నెలాఖరుకు మా బాబుకు తొమ్మిదేళ్లు నిండుతాయి. వీడు, వీడి సోపతిగాళ్లు కలిసి సెలవుల్లో ‘అవతార్: ద లాస్ట్ ఎయిర్‌బెండర్’ కార్టూన్ సీరియల్ 61 ఎపిసోడ్లూ చూసేశారు. తెలియనివాళ్లకు రెండు ముక్కల్లో చెప్తాను. నీరు, భూమి, అగ్ని, గాలి పేరున నాలుగు తెగలు ఉంటాయి. ఒక్కో తెగలో కొందరికి తమ భూతాన్ని ఆడించే విద్య వస్తుంది. నాలుగూ నేర్చేది అవతార్ ఒక్కడే. ఈ కథలో అతను ఆంగ్. నూరేళ్లు మంచుగడ్డలో ఉండి కూడా పన్నెండేళ్ల పిల్లాడిగానే బయటికొస్తాడు.

పుట్టినరోజుకు పదిమంది పిల్లలు వస్తారు. ఫోన్లు పక్కన పెట్టించి సాయంత్రం మా డాబా మీద ఆడించాలని ఉంది. మొన్న ఆదివారం ఒకసారి ఆడించి చూశాను. ఆంగ్ నేనంటే నేనని కొట్టుకున్నారు. అగ్ని తెగ చెడ్డవాళ్లట, అందులోకి ఒక్కరూ పోలేదు. చివరికి ఒక పిల్ల ఏడ్చుకుంటూ ఇంటికెళ్లిపోయింది. అప్పటి నుంచి టెన్షన్‌గా ఉంది. మీ ఇళ్లలో ఏం ఆడిస్తారో చెప్పండి.

కాజీపేట నాన్న:
అక్కా, దీనికి జవాబు ఆ కథలోనే ఉంది. అవతార్ ఒకే తెగలో పుట్టడు. అగ్ని, గాలి, నీరు, భూమి, మళ్లీ అగ్ని, ఇదీ వరుస. ఆంగ్‌కు ముందు రోకు అగ్ని తెగవాడు, తర్వాత వచ్చే కొర్రా నీటి తెగ పిల్ల. మీరూ ఆట మారినప్పుడల్లా అవతార్‌ను ఈ వరుసలోనే మార్చండి. మొదటి వంతు అగ్ని వాళ్లదే అని ముందే చెప్పండి. మా ఇద్దరు ఆడపిల్లలకు అలా చెప్పగానే నేను అగ్ని అంటే నేను అగ్ని అని పోటీ పడ్డారు. గెలిచినవాళ్లను మాత్రం అవతార్‌ను చేయకండి, మళ్లీ లొల్లి మొదలవుతుంది.

జమ్మికుంట పీఈటీ:
మేడమ్, కొత్త ఆటలు వెతకొద్దు. భూమికి మన నేలా-బండా ఉంది. దొంగే భూమి తెగ, నేలంతా వాడిది. మిగతావాళ్లు మెట్టో అరుగో ఎక్కి, మధ్యమధ్య దిగి వాణ్ని ఉడికించాలి.

అగ్నికి నిప్పు, అగ్గిపెట్టె ఏవీ వద్దు. ఆ సీరియల్లో అగ్ని తెగకు బలం సూర్యుడి నుంచి వస్తుంది, సూర్యగ్రహణం పట్టిన ఎనిమిది నిమిషాలు వాళ్ల విద్య పనిచేయదు. కాబట్టి అగ్ని పిల్లలు మిగతావాళ్లను తరమాలి. మీరు ‘గ్రహణం!’ అని అరవగానే ఎక్కడివాళ్లు అక్కడ ఆగి ఎనిమిది అంకెలు లెక్కపెట్టాలి. తరిమే పని వాళ్లదైతే ఆ తెగలోకి రామనే పిల్లలు ఉండరు.

నీటి తెగ కదలికలు తాయ్‌చీ నుంచి తీసుకున్నవి, అంటే నిదానం. స్టీలు గ్లాసు అంచుదాకా నింపి, ఒక్క చుక్క ఒలకకుండా డాబా చుట్టూ నడిపించండి. పరుగెత్తే పిల్లలకు అది ఎంత కష్టమో మీరే చూస్తారు.

పరకాల అమ్మమ్మ:
బిడ్డా, గాలి ఆటకు బుగ్గలు (బెలూన్లు) కొనకు. ఈ రోజుల్లో బూరుగు కాయలు పగిలి దూది ఎగురుతుంటది. చిటికెడు దూది తీసి గాలిలోకి వదిలి, చేయి తగలకుండా నోటితో ఊదుతూ కింద పడకుండా చూడమను. మా మనుమరాలు చాలాసేపు ఊది ఊది ఆయాసపడ్డది. మధ్యమధ్య నీళ్లు తాగించు.

కోట పక్కింటి అన్న:
పిల్లలను ఒకరోజు ఖిలా వరంగల్ తీసుకురండి. కాకతీయుల తోరణాలు నాలుగు దిక్కుల్లో నాలుగున్నాయి, ఒక్కో తెగకు ఒక్కో తోరణం ఇవ్వండి. తోరణాల మీద హంసలు ఎక్కడున్నాయో వెతకమనండి. ముట్టుకోవద్దు, ఎక్కొద్దు, చూసి చెప్పాలంతే. పొద్దున్నే రండి, తర్వాత ఎండ ఆగనివ్వదు.

హన్మకొండ అమ్మ:
అందరికీ దండాలు. నిన్న సాయంత్రం అయిదింటికి మొదలుపెడితే ఏడింటికి గానీ ఎవరూ కిందికి దిగలేదు. అవతార్ వరుస బాగా పనిచేసింది. దూది ఆటలో మాత్రం గాలి ఎక్కువై దూదంతా పక్కింటి డాబా మీదికి పోయింది, ఆ ఆట ఇంట్లో ఆడాల్సిందే.

టోఫ్ ఆట ఒకటి నేనే కల్పించాను. టోఫ్ ఆ సీరియల్లో భూమి తెగ పిల్ల. ఆమెకు కళ్లు కనిపించవు, అరికాళ్లతో నేల అదురును పట్టి ఎవరెక్కడున్నారో చెప్తుంది. ముందు స్లాబ్ మీద ఆడిస్తే ఎవరికీ ఏమీ తెలియలేదు. అప్పుడు పాత తలుపు చెక్క ఒకటి తెచ్చి, నాలుగు మూలల కింద ఇటుకలు పెట్టాను. కళ్లకు దస్తీ కట్టిన పిల్ల వట్టి కాళ్లతో దాని మధ్యన నిలబడాలి. మిగతావాళ్లు ఏదో ఒక మూలన చింతగింజలు రాల్చాలి, ఏ మూలో ఆమె చెప్పాలి.

ఆ ఆదివారం ఏడ్చుకుంటూ వెళ్లిన పిల్లే మొదట ఎక్కింది. కాలి వేళ్లు చెక్కకు గట్టిగా ఆనించి, తల కొంచెం వంచి, ఊపిరి బిగబట్టి నిలబడింది. అయిదుసార్లు రాల్చితే అయిదుసార్లూ సరిగ్గా చెప్పింది. దస్తీ విప్పబోతే ‘ఇంకొక్కసారి ఆంటీ’ అంది. మా వాడు వంతు కోసం నిలబడినవాడల్లా పక్కకు జరిగి చింతగింజల డబ్బా అందుకున్నాడు.

చెక్క ఇంకా డాబా మీదే ఉంది. వచ్చే ఆదివారం ఖిలాకు పోతున్నాం.