మ్యూజియంలో బొమ్మలు చూసేవాళ్లను ఫొటో తీయొచ్చా?

కెమెరాసంచి: ఆస్ట్రియా ఫొటోగ్రాఫర్ స్టెఫాన్ ద్రాషాన్ తీసినవి చూశారా? మ్యూజియంలో పెయింటింగ్ దగ్గర కాపు కాస్తాడు. చొక్కా రంగో జుట్టు ముడో ఆ బొమ్మలో కలిసిపోయే మనిషి వచ్చేదాకా ఆగి, వెనకనుంచి నొక్కుతాడు. ఎవర్నీ నిలబడమని అడగడు. సాలార్‌జంగ్‌లో నేనూ మొదలుపెడదామనుకుంటున్నా. తప్పంటారా?

బట్టతలబాబాయ్: తప్పేనండీ. నేను టికెట్ కొన్నది చూడ్డానికి, కనబడ్డానికి కాదు. బెంజోనీ చెక్కిన ముసుగు రెబెకా ముందు మా అత్తయ్య నిలబడి, "రాయిలోంచి ముక్కు కనిపిస్తోందేంట్రా, మీద గుడ్డ ఉండగానే!" అని నోరు తెరిచేసింది. ఆ ముఖం మేం చూశాం, చాలు. ఊరంతా చూడక్కర్లేదు.

గోదారిగట్టు: అడిగి తీస్తే ఇంకేం మిగులుతుంది? 1995లో ఎలియట్ అర్విట్ మాడ్రిడ్‌లోని ప్రాడో మ్యూజియంలో తీసిన ఫొటో ఉంది. గోయా గీసిన 'మాహా' అనే పడుచు బొమ్మలు రెండూ పక్కపక్కన. బట్టలున్న మాహా ముందు ఒక్క ఆవిడ. బట్టల్లేని మాహా ముందు ఏడుగురు మగాళ్లు, ఒద్దికగా. "సార్, ఫొటో తీసుకోనా?" అంటే ఆ ఏడుగురిలో ఎంతమంది అక్కడే ఉండేవాళ్లు? పైగా అన్నీ వీపులే, ఎవరి పరువూ పోలేదు.

బట్టతలబాబాయ్: వీపు చూసి గుర్తుపట్టరని ఎవరన్నారు? ఒంట్లో బాలేదని సెలవు పెట్టి ఓ ఎగ్జిబిషన్‌కి వెళ్లా. ఎవరో వెనకనుంచి తీసి పెట్టారు. మర్నాడు మా మేనేజర్ ఫోన్ నా ముందుకు తోసి, "జ్వరం తగ్గిందా?" అన్నాడు. ఈ పేరు ఊరికే పెట్టుకోలేదు.

పాతనెగెటివ్: తీయడం వేరు, నలుగురికీ చూపడం వేరు. జర్మనీలో 1907 నాటి చట్టం ప్రకారం, కొన్ని మినహాయింపులు పోగా, మనిషి ఫొటో బయట పెట్టాలంటే ఆ మనిషి ఒప్పుకోవాలి. అక్కడివాడే థామస్ స్ట్రూత్, బెర్లిన్ పెర్గమాన్ మ్యూజియంలో తనే మనుషుల్ని పిలిపించి నిలబెట్టి తీశాడు. నాకవి కాస్త బిగుసుకుపోయినట్టే ఉంటాయి. 2004లో ఫ్లోరెన్స్‌లో డేవిడ్ విగ్రహాన్ని తలెత్తి చూసేవాళ్లను తీశాడు. విగ్రహం ఫ్రేములోనే లేదు, ముఖాలే. మనసు పోయేది వీటి మీదకే. అయినా అందులో మా అమ్మ ఉంటే ఇలాగే అనేవాణ్నా అంటే, చెప్పలేను.

కెమెరాసంచి: సరే, వెనకనుంచే తీస్తా. తీశాక చూపిస్తా, వద్దంటే అక్కడే చెరిపేస్తా. ఆదివారం సంగీత గడియారం దగ్గర మొదలు. గంట కొట్టే బొమ్మ బయటికొచ్చే వేళకు అందరి చేతుల్లోనూ ఫోన్లే, నన్నెవరు చూస్తారు?

బట్టతలబాబాయ్: ఆదివారం నేనూ వస్తున్నా. టోపీ పెట్టుకుంటాలెండి.