నేను రాసి పాడిన పాటకు వేరేటోల్లు పేరు ఏసుకున్నరు, మల్ల నా వీడియో మీదనే క్లెయిమ్ పడ్డది. ఏం జెయ్యాలె?

బత్తాయితోట_పాట

అందరికి నమస్తే. నాది దేవరకొండ దిక్కు. తెలిసినోల్లు ఎవరన్న ఉంటె జర చెప్పుండ్రి, రెండు రోజుల సంది నిద్ర పడ్తలేదు.

మా అమ్మ బత్తాయి తోటలల్ల కాయ తెంప కూలికి పోతది. ఆమె మీద నేను ఒక పాట రాసిన, ట్యూన్ నేనే కట్టిన, నల్లగొండల ఒక స్టూడియోల ట్రాక్ చేయించుకొని నేనే పాడిన. పైసలు గూడ నావే, ట్యూషన్లు చెప్పి జమ చేసుకున్నయి. డప్పు మాత్రం మా చిన్నాయిన కొట్టిండు, మైక్ పెట్టి లైవ్ తీసినం. పోయిన ఎండకాలం నా ఛానెల్ల పెట్టిన. చిన్న ఛానెలే, మా చుట్టుపక్కల ఊర్లోల్లే చూసిన్రు గని చూసినోల్లు మంచిగ మాట్లాడిన్రు.

ఇప్పుడు ఒక పెద్ద ఫోక్ ఛానెలోల్లు అదే పాటను వేరే సింగర్‌తోని పాడిచ్చి వీడియో తీసి పెట్టిన్రు. లిరిక్స్, ట్యూన్ అన్న కాడ ఆ ఛానెలాయన పేరు ఉన్నది. ట్రాక్ గూడ నాదే, ఎట్ల చెప్తున్ననంటె రెండో చరణం ముందట చిన్నాయిన ఒక దెబ్బ ఎక్కువ ఏసిండు, వినబుద్ధి అయితున్నదని మేము అట్లనే ఉంచినం, ఆ దెబ్బ వాల్ల దాంట్ల గూడ అదే జాగల ఉన్నది. మూడో చరణంల మా అమ్మమ్మను ఊర్ల పిలిచే పేరు వస్తది, దాన్ని గూడ వాల్లు అట్లనే పాడిన్రు, ఆమె ఎవరో వాల్లకు ఎరుకే లేదు.

నేను కామెంట్ పెడ్తె తీసేసిన్రు, మా తమ్ముడు పెడ్తె బ్లాక్ చేసిన్రు. నిన్న పొద్దుగాల లేచి చూస్తె నా వీడియో మీద కాపీరైట్ క్లెయిమ్ అని మెయిల్! నా పాట నేనే ఎత్కపోయినట్టు. అమ్మ అంటది, పోనీ బిడ్డ పెద్దోల్లతోని మనకెందుకు అని. కని ఆ పాటల ఉన్నది ఆమె కష్టం, దాని మీద ఇంకొకరి పేరు ఉంటె నేను ఊకోలేను. పైసలు వద్దు, పేరు గావాలె. రిజిస్ట్రేషన్ గిట్ల ఏం చేయించలేదు. దారి ఉన్నదా?

పాలమూరు_ట్రాక్స్

చెల్లె, మొదలు భయం పెట్టుకోకు. నేను మహబూబ్‌నగర్ల పాటలకు మ్యూజిక్ ప్రోగ్రామింగ్ చేస్త, ఇసుంటివి మా కాడికి మస్తు వస్తయి.

నీకు వచ్చింది క్లెయిమ్, స్ట్రైక్ కాదు. దాంతోని నీ ఛానెల్ పోదు. అది ఎట్ల పడ్తదంటె వాల్లు ఆ పాటను ఒక డిస్ట్రిబ్యూటర్ ద్వారా ఆడియో యాప్‌లల్ల రిలీజ్ చేసి ఉంటరు, ఆ డిస్ట్రిబ్యూటర్ కంటెంట్ ఐడీల, అంటె యూట్యూబ్ పాటలను పోల్చి చూసే మిషిన్ల, ఎక్కిస్తడు, ఇగ మిషిన్ అదే మ్యూజిక్ ఎక్కడ దొరికితె అక్కడ క్లెయిమ్ ఏస్తది, ఎవరిది ముందు ఎవరిది ఎనక అని అది చూడదు. యూట్యూబ్‌ల ఆ పాట పేరు కొట్టు, బొమ్మ కదలకుంట ఉట్టి పోస్టర్‌తోని ఒక ఆడియో వీడియో కనబడ్తది, దాని డిస్క్రిప్షన్ల మొదటి లైన్ "ప్రొవైడెడ్ టు యూట్యూబ్ బై" అని ఉంటది, దాని ఎనక ఉన్న పేరే డిస్ట్రిబ్యూటర్. ఆ పేరు రాసి పెట్టుకో, ఛానెలోడు ఫోన్ ఎత్తకున్నా నువ్వు సీద డిస్ట్రిబ్యూటర్‌కు మెయిల్ పెట్టొచ్చు.

యూట్యూబ్ స్టూడియో యాప్‌ల క్లెయిమ్ కాడ డిస్ప్యూట్ (ఒప్పుకోను అని చెప్పుడు) అని ఉంటది, కొట్టు. వాల్లకు 30 రోజుల టైం, అంతల ఏం అనకుంటె క్లెయిమ్ దానంతటదే పోతది. వాల్లు కాదంటె నువ్వు అప్పీల్ పెట్టు, దానికి జవాబియ్య వాల్లకు 7 రోజులు. నీ ఛానెల్‌కు మానిటైజేషన్, అంటె యాడ్స్ పైసలు వచ్చుడు, ఉంటె మాత్రం 5 రోజులల్ల డిస్ప్యూట్ పెట్టు, అట్లయితె మొదటి రోజు నుంచి వచ్చే పైసలు ఎవరికీ పోకుంట ఆపి పెడ్తరు.

ఇంకొక మాట, ఇది నాకు కడుపుల మండే మాట. ట్రాక్ వాల్ల చేతికి ఎట్ల పోయింది? నీ వీడియోలకెల్లి వాయిస్ తీసేసి వాడుకున్నరా, స్టూడియో నుంచే పోయిందా? ఒకల పైసలతోని చేసిన ట్రాక్‌ను ఇంకొకలకు ఇచ్చే స్టూడియోలు మా దాంట్ల ఉన్నయి, అట్ల చేయొద్దు అసలు. ఆయనతోని నువ్వు గట్టిగ కాదు, మెల్లగ మాట్లాడు, ఎందుకంటె ప్రాజెక్ట్ ఫైల్ ఆయన కాడనే ఉంటది. ట్రాక్ కట్టిన సాఫ్ట్‌వేర్ ఎఫ్‌ఎల్ స్టూడియో అయితె దాని ఫైల్, దాంతోని పాటు డప్పు విడిగ రికార్డ్ అయిన వేవ్ ఫైల్, తారీఖులతోని సహా పెన్ డ్రైవ్‌ల తీసుకో. ఆ ఎక్కువ దెబ్బ ఉన్న రా ఫైల్ నీ కాడ ఉంటె ట్రాక్ నీదే అనేదానికి గట్టి సాక్ష్యం. ట్రాక్‌ల రెడీమేడ్ లూప్స్ (ముందుగాలనే చేసి పెట్టిన మ్యూజిక్ ముక్కలు) ఏమన్న ఏసిండా అది గూడ అడుగు, ఆ లూప్స్ వందల పాటలల్ల ఉంటయి, వాటిని నాయి అని రాస్తె నీ మాటకు ఇలువ పోతది.

గుట్టమీది_గాలి

జానపదం ఎవరి సొత్తూ కాదు కదా. నేను రెండు పాటలూ ఇన్న, ఎత్తుగడ మా దిక్కు నాట్లేసేటప్పుడు పాడే పాట లెక్కనే ఉన్నది. ఇంత రంది ఎందుకు? పాట నలుగురి నోట్ల ఉంటె మంచిదే కదా.

బత్తాయితోట_పాట

అన్నా, నలుగురు పాడుకుంటె నాకు సంతోషమే, మా ఊర్ల పిల్లలు బడిల పాడిన్రు, నేను ఏమన్న అన్ననా. ఎత్తుగడ మా అమ్మమ్మ నాట్ల కాడ పాడిందే, అది నేను నా వీడియోల గూడ చెప్పిన, అది అందరిది. ఆడికెల్లి కిందికి వచ్చే నడక, మూడు చరణాలు, ప్రతి మాట నేను కూసొని రాసినయి. "బత్తాయి కొమ్మకు ఎండ గాసె, అమ్మ చీరకొంగుకు చెమట పూసె" అన్నది ఎవరు పాడంగ నువ్వు ఇన్నవ్ చెప్పు.

ఎర్రమట్టి_దరువు

నాగర్‌కర్నూల్ దిక్కు ఊర్లల్ల ముప్పై ఏండ్ల సంది పాడుతున్న బిడ్డా. మా కాలంల గూడ ఇదే గోస. క్యాసెట్ మీద మా పేర్లు ఉండకపోయేది, పాడినోల్లకు ఆ రోజు కూలి ఇచ్చి పంపెటోల్లు. సేకరణ అని ఒక మాట పెట్టి కింద కంపెనాయన పేరు ఏసెటోల్లు, బతికున్నోల్లు రాసిన పాట గూడ అట్లనే సేకరణల కలిసిపోయింది. మేము నోరు మూసుకున్నం, నువ్వు మూసుకోకు.

అయితె ఒకటి ఆలోచన చెయ్. ఆ వీడియో తీసేపిస్తె నీ పేరు ఎవరికీ తెల్వది. అదే వాల్ల వీడియోల నీ పేరు పడితె అంతమంది చూస్తరు. నీకు ఏది గావాలెనో ముందు నువ్వు తేల్చుకో. పేరే గావాలంటె ఒక మెసేజ్ మర్యాదగ రాయి: పాట ఎప్పుడు పెట్టినవో, లింక్ ఏందో, రచన ట్యూన్ కాడ నీ పేరు పెట్టమని, ఎన్ని రోజులల్ల పెట్టాల్నో. తిట్టు ఒక్కటి ఉండొద్దు, రేపు అదే మెసేజ్ నలుగురికి చూపియ్యాల్సి వస్తది. వీడియోల పడిన టైటిల్ కార్డ్ మార్చరాదు, మల్ల కొత్తగ ఎక్కియ్యాల్సిందే అంటరు వాల్లు, అది నిజమే గని డిస్క్రిప్షన్ ఒక్క నిమిషంల మార్చొచ్చు, కామెంట్ పైన పిన్ చెయ్యొచ్చు, ఆడియో యాప్‌లల్ల పేరు డిస్ట్రిబ్యూటర్‌కు చెప్పి మార్పియ్యొచ్చు. మూడూ అడుగు. ఒక్కటి చేసి ఊకుంటె ఒప్పుకోకు.

పాడిన పిల్లను మాత్రం ఏం అనకు, ఆమెకు కాయిదం చేతికిచ్చి పాడమంటరు, ఎవరు రాసిండ్రో ఆమెకు చెప్పరు.

కోర్టు_మెట్లు

జడ్చర్లలో ప్రాక్టీస్ చేస్తాను చెల్లె. ముందు ఒక పని, వాళ్ళకి మెసేజ్ పెట్టకముందే చెయ్యి: వాళ్ళ వీడియో మొదటి నుంచి చివరి దాకా స్క్రీన్ రికార్డ్ తీసుకో, లింక్, పెట్టిన తారీఖు, పేర్లు పడే జాగ కనబడాలి. మెసేజ్ పోయినంక వాళ్ళు పేర్లు మార్చేసి మేము ఎప్పుడో పెట్టినం అనొచ్చు. నీ పాట నోట్‌బుక్, ఫోన్‌లో మొదటిసారి కూనిరాగం రికార్డ్ చేసుకున్నది ఉంటే అది, స్టూడియోకి పైసలు పంపిన ఫోన్‌పే హిస్టరీ, వాట్సాప్ చాట్ ఏదీ డిలీట్ చెయ్యకు, ఫోన్ కూడా ఇప్పుడు మార్చకు.

రిజిస్ట్రేషన్ లేదని బాధపడకు. కాపీరైట్ చట్టం 1957 ప్రకారం పాట రాసిన గడియ నుంచే హక్కు నీది, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, అది సాక్ష్యానికి బలం. ఇప్పుడైనా ఆన్‌లైన్‌లో చేయించొచ్చు, సాహిత్యానికి 500, ట్యూన్‌కి 500, సౌండ్ రికార్డింగ్‌కి 2000 ఫీజు, డైరీ నంబర్ వస్తుంది, ఆ తర్వాత ఎవరికైనా అభ్యంతరం ఉందా అని 30 రోజులు చూస్తారు.

రికార్డింగ్ చేయించింది, ఖర్చు పెట్టింది నువ్వు కాబట్టి ఆ రికార్డింగ్ మీద ప్రొడ్యూసర్ హక్కు కూడా నీ వైపే ఉంటుంది. సంతకం పెట్టిన కాయిదం లేకుండా ఆ హక్కు ఎవరికీ పోదు, సెక్షన్ 19 చూడు. నువ్వు అడిగింది పేరు కదా, దానికి సెక్షన్ 57 ఉంది. పాటని అమ్మేసినా సరే, రాసింది నేనే అని చెప్పుకునే హక్కు రాసినవాళ్ళ దగ్గరే ఉంటుంది. నువ్వు అమ్మనే లేదు.

యూట్యూబ్‌కి తొలగింపు రిక్వెస్ట్ పెట్టేటప్పుడు ఎత్తుగడ గురించి అబద్ధం రాయకు. సాహిత్యం నాది, పల్లవి రెండో లైను నుంచి ట్యూన్ నాది, ట్రాక్ రికార్డింగ్ నాది అని విడదీసి రాయి, ఏ నిమిషం నుంచి ఏ నిమిషం దాకానో కూడా. సాంప్రదాయ ట్యూన్ మీద కూడా హక్కు అడిగితే వాళ్ళ లాయర్ దాన్నే పట్టుకుని మొత్తం కొట్టేయమంటాడు. ఆ ఫారంలో వెంటనే తీయమనొచ్చు, లేదా 7 రోజుల గడువు ఇచ్చి తీయమనొచ్చు. గడువు ఇస్తే ఆలోపు వాళ్ళే తీసుకుంటే స్ట్రైక్ పడదు. రాజీకి వచ్చే మనుషులైతే ఈ ఏడు రోజుల్లోనే ఫోన్ వస్తుంది, 90 రోజుల్లో మూడు స్ట్రైకులు పడితే ఛానెలే పోతుందని పెద్ద ఛానెల్ వాళ్ళకి నీకంటే ఎక్కువ తెలుసు. వాళ్ళు కౌంటర్ నోటిఫికేషన్, అంటే తీసేయడం తప్పు అని యూట్యూబ్‌కి జవాబు, ఇస్తే మాత్రం 10 పని దినాల్లో నువ్వు కోర్టుకి పోయినట్టు చూపించాలి, లేకపోతే వీడియో మళ్ళీ వస్తుంది. అందుకే ఆ బటన్ నొక్కేముందు కోర్టు దాకా పోతానా లేదా అని ఇంట్లో మాట్లాడుకో.

బత్తాయితోట_పాట

అక్కా, అన్నా, అందరికి శానా థ్యాంక్స్. స్టూడియో అన్నకు ఫోన్ చేసిన. ట్రాక్ తనే ఇచ్చిన అన్నడు, వాల్లు వచ్చి ఆ డప్పు సౌండ్ బాగున్నది మాకు గావాలె అంటె పైసలు తీసుకొని ఇచ్చిండంట, పాట గూడ అదే పాడ్తరని తెల్వదంటడు. ఫైల్స్ ఇస్త, రాసి సంతకం గూడ పెడ్త అన్నడు. క్లెయిమ్ మీద డిస్ప్యూట్ పెట్టేసిన. రెండు అడగాలె: ఆ రిక్వెస్ట్ పెడ్తె నా ఫోన్ నంబర్, ఇంటి అడ్రస్ వాల్లకు పోతదా? కోర్టుకు పోవాలంటె హైదరాబాద్ పోవాల్నా, లాయర్ ఫీజు నాతోని కాదు.

పాలమూరు_ట్రాక్స్

పేరు, మెయిల్ పోతయి. అందుకే ఈ పని కోసం ఒక కొత్త మెయిల్ చేసుకో. స్టూడియో ఆయన సంతకం ఈ రోజే తీసుకో, రేపటికల్ల వాల్లు గూడ ఆయనకు ఫోన్ చేస్తరు.

కోర్టు_మెట్లు

హైదరాబాద్ పోనక్కర్లేదు. సెక్షన్ 62 ప్రకారం నువ్వు ఉండే చోటి జిల్లా కోర్టులోనే వెయ్యొచ్చు, అవతలివాళ్ళు ఎక్కడున్నా సరే. నల్లగొండ కోర్టులో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు ఉంటుంది, ఆడవాళ్ళకి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్‌ని పెడతారు, ఎస్సీ ఎస్టీ వాళ్ళకి కూడా. పోయేముందు 15100కి ఫోన్ చేసి అడుగు. సెక్షన్ 63 కింద క్రిమినల్ కేసు కూడా ఉంది, ఆరు నెలల నుంచి మూడేళ్ళ దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా, కానీ నీకు కావాల్సింది పేరు కాబట్టి ముందే దాని జోలికి పోవద్దని నా సలహా.

పెన్ డ్రైవ్, స్క్రీన్ రికార్డింగులు ఉట్టిగా ఇస్తే కోర్టు తీసుకోదు. వాటికి భారతీయ సాక్ష్య అధినియం 2023 (సాక్ష్యాల చట్టం)లో సెక్షన్ 63 సర్టిఫికెట్ జతచెయ్యాలి, పైన చెప్పిన కాపీరైట్ సెక్షన్‌కీ దీనికీ నంబర్ ఒకటే, కంగారుపడకు, ఫైల్ హాష్ వాల్యూ (ఫైల్ మారలేదని చూపే గుర్తు) అందులో రాస్తారు, లాయర్ చేయిస్తాడు. సోమవారం పొద్దున పో, చిన్నాయినని కూడా తీసుకుపో, డప్పు కొట్టినందుకు ఆయనకి కూడా పర్ఫార్మర్‌గా హక్కు ఉంది, ఆయన పేరు కూడా అడుగుదాం.