బొత్తాం అంటే బటన్‌కి వంకర పలుకుబడి కాదండీ

నిన్న ఒక చర్చ మధ్యలో ఎవరో "బొత్తాం అన్నది బటన్‌ని నోరు తిరగనివాళ్లు పలికిన తీరు కదా, ఇప్పుడు ఎవరంటున్నారు" అని రాశారు. కింద చాలామంది ఔను ఔనన్నారు. అది చదివిన దగ్గర్నుంచీ మనసు ఊరుకోవడం లేదు. నేను ఏళ్ల తరబడి పాత గుండీలు పోగేస్తున్న మనిషిని, బొత్తాం అన్న మాటంటే నాకు ప్రాణం, అందుకే విడిగా రాస్తున్నాను. కాస్త పొడుగైతే ఓపిక పట్టండి.

బొత్తాం బటన్‌లోంచి పుట్టలేదు. పోర్చుగీసులో గుండీని బొతాఁవ్ అంటారు, చివర ముక్కుతో పలుకుతారు. మన బొత్తాం చివరి సున్నా ఆ ముక్కు పలుకే. ఇంగ్లీషు బటన్ నోట్లో నలిగి ఇలా తయారై ఉంటే ఆ 'ఆం' ఎక్కణ్ణుంచి వస్తుంది? పోర్చుగీసు ఓడలు ఇటు వచ్చింది 1498లో, ఇంగ్లీషు కంపెనీ పుట్టిందే 1600లో. బటన్, బొత్తాం రెండూ పాత ఫ్రెంచి మాట పిల్లలే, కానీ వేర్వేరు దారుల్లో వచ్చిన అక్కచెల్లెళ్లు. ఒకదాన్ని ఇంకోదాని తప్పు రూపం అనడానికి వీల్లేదు.

పక్కన ఉన్న మాటలు కూడా చూడండి. కాజా. పోర్చుగీసులో కాజ అంటే ఇల్లు, గుండీ దూరే కంతనీ వాళ్లు ఆ మాటతోనే పిలుస్తారు. అంటే మనం కాజాలు కుట్టమన్నప్పుడల్లా గుండీకి ఇల్లు కట్టమంటున్నామన్నమాట! ఇస్త్రీ అక్కడిదే, తువ్వాలూ అక్కడిదే. బట్టల చుట్టూ ఇన్ని మాటలు కలిసికట్టుగా వచ్చి కూర్చుంటే ఒక్క బొత్తాన్ని విడదీసి బటన్ ఖాతాలో రాయడం అన్యాయం. అన్నట్టు గుండీ చాలాకాలం ఇల్లు లేకుండానే బతికింది. మొహెంజొదారోలో దొరికిన చిప్ప గుండీలు నాలుగు వేల ఏళ్లకు పైబడినవి, బట్టకి అందం కోసం కుట్టుకున్నవే ఎక్కువని అంటారు. బట్టని బిగించే కాజా యూరప్‌లో వాడుకలోకి వచ్చింది 13వ శతాబ్దంలో.

ఇప్పుడు నేను అసలు చెప్పాలనుకున్నది. బొతాఁవ్ అంటే గుండీ ఒక్కటే కాదు, మొగ్గ కూడా. గులాబీ మొగ్గని పోర్చుగీసువాళ్లు "గులాబీ బొత్తాం" అనే అంటారు. ఫ్రెంచిలోనూ స్పానిష్‌లోనూ అంతే, మొగ్గకీ గుండీకీ ఒకే మాట. జర్మన్‌లో గుండీ క్నోఫ్, మొగ్గ క్నోస్పె, అవీ చుట్టాలే. జర్మన్ మాటల దారి వేరు, మిగతావాటిని పట్టుకుని వెనక్కి వెళ్తే అన్నిటి కిందా ఒక పాత ఫ్రెంచి క్రియ ఉంది, దాని అర్థం తోయడం, పొడవడం. కొమ్మ బెరడుని తోసుకుంటూ బయటికొచ్చేది మొగ్గ, బట్ట మీద ఉబ్బెత్తుగా పైకి లేచి ఉండేది గుండీ. మనకి ఇది కొత్త ఊహేం కాదు, చిగురు "పొడుచుకొచ్చింది" అని రోజూ అంటాం కదా, అదే చూపు, అదే క్రియ. ఎక్కడో ఫ్రాన్సులోనూ ఇక్కడా మనిషి మొక్కని ఒకేలా చూశాడంటే నాకు ఒళ్లు జలదరిస్తుంది.

ఫొటోగ్రఫీ చేసేవాళ్లకి ఇంకో ముచ్చట. 1888లో అమెరికాలో జార్జ్ ఈస్ట్‌మన్ అనే ఆయన కొడాక్ కెమెరా తెచ్చినప్పుడు ప్రకటన ఏంటంటే, మీరు బటన్ నొక్కండి, మిగతాది మేం చూసుకుంటాం అని. వంద బొమ్మలు తీశాక కెమెరాని అలాగే ఫ్యాక్టరీకి పంపితే వాళ్లే కడిగి అచ్చువేసి, కొత్త ఫిల్ము వేసి తిరిగి పంపేవాళ్లు. అక్కడ బటన్ అంటే కుట్టేది కాదు, నొక్కేది. మాట తిరిగి తిరిగి తన పుట్టింటి అర్థానికి, తోయడానికే, వచ్చి చేరింది.

ఇది రాస్తుంటే నా ముందు ఒక ఆల్చిప్ప గుండీ ఉంది. చిటికెన వేలి గోరంత, నాలుగు కన్నాలు. రెండు కన్నాల మధ్య దారం ఒరుసుకుని ఒరుసుకుని సన్నటి గాడి పడింది, ఎవరో ఎన్నేళ్లు తొడుక్కున్నారో. పంటికి ఆనిస్తే చల్లగా, గట్టిగా తగులుతుంది, ప్లాస్టిక్‌ది ఇలా ఉండదు, వెచ్చగా మెత్తగా ఉంటుంది. తిరగేస్తే వెనక ఒక అంచున గోధుమరంగు మరక, అది చిప్ప పైపొర, కోసినవాళ్లు అక్కడిదాకా అరగదీయలేదు. చిప్ప గుండీకీ ప్లాస్టిక్ గుండీకీ తేడా తెలియనివాళ్లకి నేను మొదట చూపించేది ఆ మరకే. ఫొటో తీయాలంటే ఎదురు వెలుగు, ఫ్లాష్ రెండూ వద్దు, కిటికీ పక్కన పెట్టి వెలుతురు ఏటవాలుగా పడనివ్వండి, గుండీని కొద్దికొద్దిగా తిప్పుతూ ఉండండి, ఒక చోట లేత గులాబీ, ఒక చోట ఆకుపచ్చ లేచి నిలబడతాయి. అది పూసిన రంగు కాదు. చిప్ప లోపలి పొరలు ఒక్కొక్కటీ సుమారు అర మైక్రాన్ మందం, అంటే మిల్లీమీటరులో రెండువేలో వంతు, వెలుగు అలల కొలతకి దగ్గర, అందుకే వెలుగు ఒక్కో కోణంలో ఒక్కో రంగై తిరిగొస్తుంది. 1891లో అమెరికాలో మిసిసిపీ ఒడ్డున మస్కటీన్‌లో ఒక జర్మన్ వలసదారు ఇలాంటి గుండీల పని మొదలుపెట్టాడు, నది చిప్పల్లోంచి గుండ్రటి బిళ్లలు కోసేవాళ్లు. ఆ కోసిన చిప్పలు ఇప్పటికీ సేకర్తల దగ్గర కనిపిస్తాయి, ఒంటి నిండా గుండ్రటి కంతలతో. నాకు గుండీకన్నా ఆ మిగిలిన చిప్పే ఎక్కువ కదిలిస్తుంది.

ఒక సభ్యుడి ప్రశ్న: బొత్తాం సంగతి సరే, గుండీ మాత్రం మన గుండు, గుండ్రం నుంచే కదండీ? గుండుమల్లె అని కూడా ఉంది.

జవాబు: వినడానికి ఎంత బాగుందో, నాకూ అలాగే అయితే బాగుండు అనిపిస్తుంది. కానీ హిందీలో ఘుండీ ఉంది. గుడ్డనో దారాన్నో ముడివేసి చేసే గుండీకి ఆ పేరు. మన గుండీ అక్కణ్ణుంచి వచ్చిందనే నేను నమ్ముతాను. వచ్చాక మన గుండు దానికి తోడు దొరికింది, అందుకే పరాయి మాటలా అనిపించకుండా నిలిచిపోయిందని నా ఊహ. మీరు గుండుమల్లె అనగానే మాత్రం సంబరపడ్డాను సుమండీ, ఆ పేరు వచ్చిందే దాని బొద్దు మొగ్గని చూసి. చూశారా, మళ్లీ మొగ్గ దగ్గరికే వచ్చాం.

దారంతో చేసే గుండీ చేతిపని చేసేవాళ్లకి ఇప్పటికీ పనికొచ్చేది. ఇంగ్లండులో డోర్సెట్ గుండీలని 17వ శతాబ్దం నుంచీ చేసేవాళ్లు. తర్వాతి రకంలో చిన్న లోహపు రింగు చుట్టూ దారంతో కుట్లు వేసి కప్పి, మధ్యలో బండి చక్రం ఆకుల్లా పోగులు లాగి, వాటి మీద అల్లుకుంటూ పోవడమే. నేర్చుకోవడానికి ఒక సాయంత్రం చాలు. 19వ శతాబ్దంలో యంత్రాలొచ్చి ఆ పని చేసే ఇళ్ల పొయ్యిలు ఆర్పాయి.

ఒక సభ్యురాలి ప్రశ్న: బటన్ గులాబీ, బటన్ పుట్టగొడుగు అంటాం, అక్కడ మొగ్గా గుండీనా?

జవాబు: పుట్టగొడుగులో ఖచ్చితంగా మొగ్గేనండీ. గొడుగు ఇంకా విచ్చుకోని దశ అది. దాన్నే పెరగనిస్తే గొడుగు విప్పి, అడుగున గోధుమరంగు రేకులు కనిపించే పెద్ద పుట్టగొడుగు అవుతుంది, జాతి ఒకటే. బటన్ గులాబీ సైజుని బట్టి వచ్చిన పేరు. నాకన్నిటికన్నా ఇష్టమైంది సముద్రంలో ఉంది, పోర్పిటా అనే ప్రాణి, ఇంగ్లీషులో దాన్ని నీలం బటన్ అంటారు. రెండు మూడు సెంటీమీటర్ల గుండ్రటి బిళ్ల, లోపల గాలి నిండిన సన్నటి అరలు, వాటి వల్లే నీటి మీద తేలుతుంది, చుట్టూ నీలం కుచ్చులు. చూడ్డానికి ఒక్క జీవిలా ఉంటుంది కానీ చిన్న చిన్న జీవుల గుంపు. తెలుగులో రాసేటప్పుడు నీలిబొత్తాం అనొచ్చు కదా? బటన్ అంటే నొక్కాలనిపిస్తుంది, దాన్ని ముట్టుకోకపోవడమే మంచిది, కొందరికి చర్మం మీద మంట పుడుతుంది.

ఇంకొకరు: ఇంతకీ మీరు రోజూ ఏమంటారు?

జవాబు: చొక్కాకి ఉంటే గుండీ. ఫోనుకీ కెమెరాకీ లిఫ్టుకీ బటన్. నొక్కితే టిచ్‌మనేదాన్ని టిచ్‌బటన్ అనే అంటాను, ఆ చప్పుడే దాని పేరు కాబట్టి మార్చబుద్ధి కాదు. చొక్కాలోంచి ఊడి, ఏ పనికీ రాకుండా, ఊరికే చూసుకోవడానికి డబ్బాలో చేరినవి మాత్రం నాకు బొత్తాలు. వెనక చిన్న కొంకి ఉండి, ముందు కన్నాలు కనపడని రకానికి మీ వాడుకలో విడిగా పేరేదైనా ఉంటే ఇక్కడ రాయండి, ఆ డబ్బా మీద ఇంకా చీటీ అంటించలేదు.