బూత్ ఏజెంట్లు దొరకట్లేదు, బయటి ఊరి వాళ్లని పెట్టినవాళ్లున్నారా?

మాది శ్రీకాకుళం జిల్లా, ఏళ్ల తరబడి పాతుకుపోయిన ఎమ్మెల్యే మీద ఇండిపెండెంట్‌గా నిలబడ్డాయనకి పనిచేస్తున్నాం. ఓటేస్తాం అంటున్నారు గానీ బూత్‌లో మా అభ్యర్థి తరఫున ఏజెంటుగా కూర్చోమంటే ఒక్కరూ రావట్లేదు, రేపు ఊళ్లో ఉండాలి కదా బాబూ అంటారు (అదీ నిజమే). గవర్నమెంటు ఉద్యోగులు ఎలాగూ కూర్చోకూడదు, రిటైరైన మాస్టార్లని అడిగాం, పక్క బూత్ ఓటర్లని కూడా అడిగాం, ఒకాయనైతే ఫారం 10 (ఏజెంటుగా నియమించే కాగితం) చేతికిస్తే పెన్ను మూత తీసి మళ్లీ పెట్టేసాడు. మాక్ పోల్ (మెషీన్లు సరిగ్గా ఉన్నాయో చూసే ఉత్తుత్తి ఓటింగ్) పోలింగ్‌కి 90 నిమిషాల ముందే, సాయంత్రం ఫారం 17సి (బూత్‌లో పోలైన ఓట్ల లెక్క) కాపీ తీసుకోవాలి, మనిషి లేకపోతే రెండూ పోయినట్టే. ఆ చుట్టుపక్కల ఎవరూ దొరక్కపోతే అదే నియోజకవర్గంలో వేరే ఊరి ఓటరుని పెట్టొచ్చట కదా, అలా పెట్టినప్పుడు ప్రిసైడింగ్ ఆఫీసర్ అభ్యంతరం చెప్పకుండా ఫారం 10తో పాటు ఇంకేం పట్టుకెళ్లారు?